మొదటి మూడు అతుకులు

మా మేనత్త పోయింది. బుధవారం పొద్దున, కర్నూలు ఆసుపత్రిలో. తమ్ముడు ఫోను చేసి "అక్కా, అత్త..." అని ఆగాడు. మిగతాది వాడు చెప్పనక్కర లేకపోయింది. ఫోను పక్కన పెట్టి దేవుడి ముందు కూర్చున్నాను. చదివేవాళ్లకు అబద్ధం చెప్పకూడదు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, విసుగు. మగ్గం మీద పని సగంలో వదిలేసి పోయిందే ఈ మనిషి అనుకున్నాను. వెంటనే లెంపలు వేసుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆమె పని చేసిన చివరి పొద్దు నాకు బాగా గుర్తుంది. అందులో విశేషమేమీ లేదు. అలాంటి పొద్దులు కొన్ని వేలు చూశాను.

అది ఆదివారం. ఐదుకు లేచి స్నానం చేసి, దీపం పెట్టి, నామాలు చదువుకున్నాను. పెరట్లో గన్నేరు పూలు మా దేవుడికి పెట్టగా మిగిలినవి కొంగులో వేసుకుని పుట్టింటికి బయల్దేరాను. మా అత్తగారిల్లు, పుట్టిల్లు ఒకే వీధిలో ఉన్నాయి. మధ్యలో నాలుగిళ్లు. ఒకప్పుడు నాలుగిళ్లలోనూ మగ్గం చప్పుడు వినిపించేది. ఇప్పుడు ఒకదాంట్లో సెల్ ఫోన్లు బాగుచేస్తారు, ఒకదాంట్లో మంచినీళ్ల క్యాన్లు అమ్ముతారు, మిగతా రెంటికీ తాళాలు. ఆడుతున్నది మా తమ్ముడి మగ్గం ఒక్కటే.

వెనక గదిలో మగ్గం పక్కన, నాప బండల మీద గోనెపట్టా వేసుకుని మా అత్త అప్పటికే కూర్చుని ఉంది. ఎడమవైపు బూడిద డబ్బా. ముందు వేలాడుతున్న పోగులు. కిటికీలోంచి ఎండ ఇంకా రాలేదు. నేను వచ్చిన అలికిడికి తలెత్తలేదు. ఎప్పుడూ ఎత్తదు.

మరదలు గిన్నెలో బొరుగుల ఉగ్గాని, పైన ఒక మిరపకాయ బజ్జీ పెట్టి తెచ్చింది.

"అత్తా, సల్లగైతాది, తిను."

"ఆడ పెట్టు."

"ఆడ పెడితే ఈగలు తింటాయి. నువ్వు తినవు."

"ఈగలకు పని లేదు. నాకుండాది."

మరదలు నా వైపు చూసి కళ్లు పైకి తిప్పింది. ఇరవై ఏళ్లుగా రోజూ తిప్పుతూనే ఉంది. నేను పూలు దేవుడి గూట్లో పెట్టి వచ్చేసరికి అత్త నడుం పట్టుకుని లేస్తోంది.

"పాపా, నడుం పట్టేసింది. ఒక జానెడు నువ్వు అతుకు."

నాకు యాభై ఆరేళ్లు. ఇద్దరు మనవరాళ్లున్నారు. అయినా ఆమెకు పాపనే. బూడిద డబ్బా కుడివైపుకు జరుపుకుని కూర్చున్నాను. ఆమె పెరట్లో అటూ ఇటూ నడిచి, చల్లారిన ఉగ్గాని తిని, చేయి కడుక్కుని తిరిగొచ్చేసరికి నా జానెడు పూర్తయింది. వంగి చూసింది. మొదటి అతుకు పట్టుకుని తెంపింది.

"పోదు."

రెండోది తెంపింది. "పోదు."

మూడోది. "ఇది గూడా పోదు."

"అత్తా, ముప్పై ఏండ్ల నుంచి ఇదే మాట. పోతాది అని ఒక్కసారన్నా నీ నోట రాదా?"

"పోయేదానికి నేనెందుకు చెప్పల్ల? అచ్చే చెప్తాది."

నేను లేచాను. నైవేద్యం పెట్టాలని చెప్పి వచ్చేశాను. నైవేద్యానికి ఇంకా గంట టైముంది. ఆమె బాగున్నప్పుడు నాతో ఆడిన చివరి మాట అదే.

ఆమె పని ఏమిటో తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఒక పడుగు, అంటే మగ్గానికి కట్టిన నిలువు పోగులు, నేయడం అయిపోయాక అచ్చులో పాత పోగుల కొసలు జానెడు పొడవున మిగుల్చుతారు. అచ్చంటే పోగులను వరస తప్పకుండా పట్టి ఉంచే చట్రం. ఒక్కో పోగుకు అందులో ఒక్కో కన్ను. కొత్త పడుగు వచ్చాక దాని పోగులు ఒక్కొక్కటే తీసి ఆ పాత కొసలకు అతకాలి. ముడి వేయకూడదు, ముడి కంట్లో ఇరుక్కుంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ ఇంత బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి, పక్కకు వాల్చి నొక్కాలి. ఒక చీర పడుగులో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. అన్నీ అతికాక నేసేవాడు పాత కొసలు పట్టుకుని మెల్లగా లాగుతాడు. అతుకు బాగుంటే కొత్త పోగు కంట్లోంచి జారి ఇవతలికి వస్తుంది. దాన్నే మా అత్త "పోతాది" అనేది. బాగా లేకపోతే తెగుతుంది. అది "పోదు". లోకంలో మంచికీ చెడ్డకూ ఆమె దగ్గరున్న మాటలు ఈ రెండే.

ఈ పనిలో ఇంకో చిత్రం ఉంది. అతికిన భాగం చీరలోకి రాదు. కొత్త పోగులు ఇవతలికి వచ్చి నేత మొదలయ్యాక ఆ కొసల పొడవంతా కోసి పారేస్తారు. చీర కట్టుకున్న ఆడవాళ్లెవరికీ మా అత్త చేయి తగలదు. పారేసే ఆ తెల్ల నూలు కుచ్చులు నేను తెచ్చుకునేదాన్ని. గంజి పోయేట్టు ఉడకబెట్టి, ఎండబెట్టి, దీపానికి వత్తులు చేసేదాన్ని. మంచి నూలు, పారేయడానికి మనసొప్పేది కాదు.

నేను పుట్టిన ఏడే భర్త పోయి ఆమె పుట్టింటికి తిరిగొచ్చింది. అత్తగారింట్లో మామగారి దగ్గర నేర్చుకున్న ఈ పని, ఒక బూడిద డబ్బా, ఇవే తెచ్చుకుంది. అప్పటి నుంచీ మా వీధిలో అన్ని మగ్గాలకూ ఆమే అతికేది. ఇంకే పనీ చేసేది కాదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నిజంగానే ఇంకే పనీ చేసేది కాదు.

ఆమెది పుర్రచేయి. ఆ ఎడమచేతికి నూనె తగలకూడదు, సబ్బు తగలకూడదు, చింతపండు అసలే తగలకూడదు. తగిలితే వేలికి పోగు తెలియదట. కాబట్టి అంట్లు తోమదు, బట్టలు ఉతకదు, పిండి కలపదు. తలకు నూనె కూడా మా అమ్మే రాయాలి. మా అమ్మ నోరున్న మనిషి.

"ఆ రెండేళ్ల కోసం నేను పదేళ్లూ అరగదీసుకుంటాండా," అని పొయ్యి దగ్గర నుంచి అరిచేది. రెండేళ్లంటే సంవత్సరాలు కాదు, అత్త బొటనవేలు, చూపుడువేలు. పదేళ్లంటే అమ్మ చేతి వేళ్లు.

"నీయి పదీ తెస్తే నాయి రెండైతాయా వొదినా?" అని అత్త లోపలి నుంచే జవాబిచ్చేది. వెటకారం కాదు. నిజంగానే లెక్క కట్టి చెప్తున్నట్టు ఉండేది. దాంతో అమ్మకు ఇంకా మండేది.

చిన్నప్పుడు నాకు అమ్మదే న్యాయమనిపించేది. ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది.

ఆమెకు ఏదీ రాదు. ఏది అడిగినా "రాదు" అనేది, సిగ్గు లేకుండా. అరవై ఏళ్లు మగ్గాల మధ్య బతికిన మనిషి, నేయడం రాదు. అడ్డపోగు లాక్కుపోయే నాడె ఎటు విసరాలో తెలియదు. చీర బాగుందా అని అడిగితే "చీర సంగతి నాకేం తెలుసు" అనేది. మా తమ్ముడు మోటారు బాగుచేస్తాడు, ఫారాలు నింపుతాడు, నేస్తాడు, ఓట్లప్పుడు పోలింగు బూత్‌లో కూర్చుంటాడు. వాణ్ని చూసి "అన్నీ వొస్తాయి వీనికి" అని జాలిగా అనేది. వాడు దాన్ని మెచ్చుకోలు అనుకుని చాలాకాలం సంతోషపడ్డాడు.

ఒకసారి చేనేతవాళ్ల నైపుణ్యం నమోదు చేస్తామని ఒక ఉద్యోగి ఇంటింటికీ వచ్చాడు. చేతిలో ట్యాబు. వినయంగా మాట్లాడే పిల్లవాడే. అత్తను కూర్చోబెట్టి అడిగాడు.

"నేస్తావామ్మా?"

"రాదు."

"రంగులు అద్దుతావా?"

"రాదు."

"డిజైన్లు?"

"అంటే?"

"మరేం చేస్తావమ్మా?"

"అతుకుతా."

"ఇంకా?"

"ఇంగేమీ లేదు నాయనా. అంతే."

ట్యాబులో అతకడం అనే మాట లేదట. వెతికి వెతికి "సహాయకురాలు" అని నొక్కాడు. నెల తర్వాత ఫొటోతో కార్డు వచ్చింది. తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. "మా అత్త లేకుంటే ఈ వీధిలో ఒక్క మగ్గం కదలదు, సహాయకురాలంట!" అని ఆఫీసుకు పోతానన్నాడు. అత్త కార్డు తిప్పి తిప్పి చూసింది. గట్టిగా, నున్నగా ఉంది. బూడిద డబ్బా మీద పెట్టి చూసింది.

"ఊరికే యాల అరుస్తాండావురా? మూతకు సరిపాయె. గాలికి బూడిద లేస్తాంది."

అప్పటి నుంచి ఆ కార్డే డబ్బాకు మూత. ఆమె ఫొటో పైకి ఉండేది.

బూడిద సంగతి కూడా చెప్పాలి, అది నాకు బాగా తగిలిన సంగతి. నేను ఏటా శ్రీశైలం పోతాను. ఒక ఏడు మల్లన్న విబూది పొట్లం ఆమెకూ తెచ్చి, కళ్లకద్దుకుని చేతిలో పెట్టాను. ఆమె పొట్లం విప్పింది. నుదుటికి పెట్టుకుంటుందని చూస్తున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ రాసి, రుద్ది, ఒక పోగు మెలిపెట్టి చూసింది.

"శానా నున్నగుండాది పాపా. దేవునికి సరిపోతాది. పోగుకు సరిపోదు."

నేను లేచి ఇంటికి వచ్చేశాను. మర్నాడు పూజలో మల్లన్నకు ఆమె తరఫున క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే పిడకల బూడిద గుడ్డలో వేసి జల్లించుకుంటూ కూర్చుంది. ఆ జల్లించేటప్పుడు ఆమె ముఖంలో ఉండే శ్రద్ధ నాకు పూజలో ఎన్నిసార్లు ఉందని ఆ పొద్దు అనిపించింది. అనిపించినందుకు ఇంకా చిరాకేసింది.

నాకు నేర్పిందా అంటే, లేదు. పెళ్లయ్యి ఇదే వీధిలో కాపురం పెట్టాక రోజూ పోయి పక్కన కూర్చునేదాన్ని. "సూడు" అనేది. అంతే. చేతిలో చేయి పెట్టి చూపింది లేదు. నాది కుడిచేయి, ఆమెది ఎడమ. అద్దంలో చూసి అల్లిక నేర్చుకున్నట్టు నాకు నేనే తిప్పి నేర్చుకోవాల్సి వచ్చింది. ఒకసారి పట్టుదలగా ఎడమచేత్తో ప్రయత్నిస్తుంటే చేతి మీద కొట్టింది. "నా మాదిరి చేయొద్దు. అతుకు మాదిరి చెయ్" అంది. నాకు అర్థం కాలేదు. "నువ్వు నేర్చుకున్యావు పాపా, నీ ఏళ్లు ఇంగా నేర్చుకోలే" అని ఇంకోసారి అంది. అదీ అర్థం కాలేదు. నడుం నొచ్చినప్పుడల్లా ఒక జానెడు నాతో అతికించేది. ఒక్కోసారీ వచ్చి చూసేది. మూడు తెంపేది. నేను లేచి వచ్చేసేదాన్ని. నేను పోయాక మిగతావి కూడా తెంపి తనే అతుక్కుంటుందని నాకు తెలుసు. తెలుసు అనే అనుకున్నాను. అలాంటప్పుడు నన్నెందుకు కూర్చోబెట్టడం? నడుం పట్టుకుని రెట్టింపు పని చేసుకోవడం ఎందుకు? ఈ ప్రశ్న ముప్పై ఏళ్లు నాలో నేను వేసుకున్నాను. ఆమెను అడగలేదు. అడిగితే చెప్తుందా?

ఆ ఆదివారం సాయంత్రం ఆమెకు ఆయాసం వచ్చింది. తమ్ముడు కర్నూలు తీసుకుపోయాడు. మర్నాడు నేనూ పోయాను. పెద్ద ఆసుపత్రి. ఒక డాక్టరు గుండె చూసి, ఊపిరితిత్తుల సంగతి నాకు తెలీదు, ఆయన్ని పిలుస్తా అన్నాడు. ఆయన వచ్చి చూసి, కిడ్నీల డాక్టరు చెప్పాలి అన్నాడు. తమ్ముడు ఓపిక పట్టలేక వరండాలో గొంతు పెంచాడు. "ఒకాయన గుండెకాయ, ఒకాయన ఊపిరి, మనిషినంతా చూసే డాక్టరు ఈడ ఎవురూ లేరా?"

అత్త లోపల మంచం మీద నుంచి వాణ్ని పిలిచింది.

"అరవొద్దురా. నాకు తెలీదని చెప్పినాడే, ఆ డాక్టరు మంచి పనోడు."

ఆ ఆసుపత్రిలో ఆ రోజు విసుక్కోనిది ఆమె ఒక్కతే. నర్సు వచ్చి ఊపిరి కొలిచే క్లిప్పు ఎడమచేతి చూపుడువేలికి పెట్టింది. అత్త దాన్ని తీసేసింది. నర్సు మళ్లీ పెట్టింది. మళ్లీ తీసేసింది.

"అమ్మా, తీయకూడదు!"

"కుడిచేతికి పెట్టు పాపా. ఇది పని చేసే ఏలు."

కుడిచేతికి పెట్టించుకుని పడుకుంది. మంగళవారం సాయంత్రం నేను ఊరికి బయల్దేరుతూ "ఎట్లుండాది అత్తా?" అని అడిగితే "పోతాది లే" అంది. ఆయాసం పోతుందందో, ప్రాణం పోతుందందో, తానే పోతానందో. మన భాషలో మూడింటికీ ఒకటే మాట. చివరికి ఆ మాట ఆమె నోట విన్నాను. విన్నది అలా.

పదకొండో రోజు కార్యం అయిపోయింది. పన్నెండో రోజు తమ్ముడు వెనక గది తలుపు తీశాడు. పడుగు ఎలా వదిలిందో అలాగే ఉంది. సగానికి పైన అతుకులు, మిగతా పోగులు ఊరికే వేలాడుతున్నాయి. వాడు చాలాసేపు నిలబడి చూశాడు.

"అక్కా, మన ఊర్లో ఇంగ అతికే మనిషి లేడు. కోయిలకుంట్ల నుంచి ఒక పెద్దాయన్ను పిలిచినా. ఆయన దీన్ని ముందుకు అతికితే సరే. కోసెయ్యమంటే పడుగు కోసేస్తా, మగ్గం గూడా పీకేస్తా. ఒక్కో పడుగుకు ఊరి బయట నుంచి మనిషిని పిలిపించుకోని నేసేది నాతో కాదు. ఈ గదిలో జిరాక్సు పెట్టుకుంటా."

వాడిది తప్పని అనలేను. మరి నువ్వు అతుకుతావా అని వాడు నన్ను అడగలేదు. నేను అతుకుతానని కూడా అనలేదు. ముప్పై ఏళ్లలో ఒక్క అతుకు నిలవని మనిషి ఏ ముఖంతో అంటుంది?

నిన్న మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. అత్త వయసుకు కొంచెం తక్కువ. అతకడం తప్ప ఇంకేమీ రాని మనిషేనని, కూర్చున్న తీరు చూస్తేనే తెలిసింది. నీళ్లిస్తే తాగలేదు, ముందు పడుగు చూస్తానన్నాడు. అద్దాలు పెట్టుకుని, గోనెపట్టా మీద కూర్చుని, ఒక చివర నుంచి గోటి వెనకతో అతుకుల మీద రాసుకుంటూ పోయాడు.

"ఎవురిదప్పా ఈ పని?"

"మా అత్తది," అన్నాడు తమ్ముడు.

"పుర్రచెయ్యా?"

తమ్ముడు నా వైపు చూశాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"మెలి అంతా ఎడమకు వాలుండాది," అన్నాడాయన. "బాగుండాది. శానా బాగుండాది." ఇంకోసారి గోటితో రాసి చూశాడు. "దీనికి నేను చెయ్యి పెట్టనప్పా. ఆయమ్మ బిగువు వేరే, నా బిగువు వేరే. సగం అట్ల, సగం ఇట్ల ఉంటే లాగేటప్పుడు ఏదో ఒక పక్క తెగుతాది. అంతా కోసి మొదటి నుంచి అతకమంటే అతుకుతా."

తమ్ముడు తల ఊపాడు. గూట్లో ఉన్న కత్తెర తీశాడు. నేను కళ్లు మూసుకున్నాను. నా నోట నామం కూడా రాలేదు.

"ఆగప్పా, ఆగు. ఈడ ఇంకో చెయ్యుండాదే!"

కళ్లు తెరిచాను. ఆయన పడుగు నడుమ వేలు పెట్టి ఉన్నాడు.

"ఇదో, ఈ జానెడు. కుడికి వాలుండాది. ఇది ఆయమ్మది కాదు. బిగువు మాత్రం ఆయమ్మదే, వెంట్రుకవాసి తేడా లేదు. ఎవురిది?"

"నేను అతికినా," అన్నాను. "కానీ అవి ఉండవు. మా అత్త తెంపేసి ఉంటాది."

"తెంపింది. మూడు తెంపింది. ఇదో, మొదటి మూడు, తెంపి మల్లా అతికినందుకు కొసలు పొట్టిగుండాయి, ఎడమకు వాలినాయి. ఆడి నుంచి అన్నీ నీవేనమ్మా. నీ జానెడు అయినాక మల్లా ఆయమ్మ చెయ్యి, ఇంగో రెండు జానలు. నీవి ముట్టుకోలేదు, దాటుకోని పోయింది."

నేను వంగి చూశాను. అద్దాలు లేవు. మరదలు పోయి తెచ్చింది. చూశాను. పొట్టి కొసలవి మూడు, ఎడమకు. తర్వాత అన్నీ కుడికి.

"మూడే ఎందుకు తెంపింది?"

పెద్దాయన నన్ను వింతగా చూశాడు. "అతికేదానివి, తెలీదా? కూర్చున్యాక మొదటి మూడు ఎవురివైనా తెంపల్ల. చెయ్యి ఇంగా కుదురుకోని ఉండదు. నేనూ తెంపుకుంటా. ఆయమ్మ గూడా తనవి తెంపుకోనుంటాదే!"

"అవునొదినా!" అంది మరదలు. "పొద్దున్నే కూచోంగానే మూడు అతికి మూడు తెంపేది. రోజూ చూసినా. ఏదో దేవునికి మొక్కేమో అనుకున్యా."

నేను గొంతు పెంచే మనిషిని కాదు. ఇంట్లో అందరికీ పెద్దదాన్ని. ఏదైనా ఉంటే దేవుడికి చెప్పుకుంటాను. కానీ అప్పుడు పైకే అన్నాను, అందరి ముందూ అన్నాను.

"ఈ ముక్క నాతో చెప్పి చావొచ్చు కదా ఈ మనిషి!"

లెంపలు కూడా వేసుకోలేదు నేను. ముప్పై ఏళ్లు! ప్రతిసారీ పోదు, పోదు, పోదు అని మూడుసార్లు విని లేచి వచ్చేశాను. ఇంకో క్షణం కూర్చుని ఉంటే నాలుగోది తెంపదని నాకే తెలిసేది. చెప్పకపోవడం ఆమె తప్పా, కూర్చోకపోవడం నా తప్పా, ఇప్పుడు తేల్చేవాళ్లు ఎవరు? తనకు తెలిసింది అందరికీ తెలిసే ఉంటుందని అనుకుందేమో. కూర్చున్న ప్రతి చేయీ మొదటి మూడు తెంపుకోవాలన్నది, నీళ్లు పల్లానికి పోతాయన్నంత మామూలు సంగతేమో ఆమెకు. దాన్ని చెప్పాలని కూడా తోచి ఉండదు. అన్నీ ఒకే చేతిలో పెట్టుకున్నవాళ్లకు నోట్లో ఏమీ మిగలదు కాబోలు.

నేను ఇంటికి నడిచాను. పూజ అలమరలో వత్తుల కోసం దాచిన కుచ్చులు, ఇంకా ఉడకబెట్టనివి, ఒక కట్ట ఉంది. పోయిన పడుగువి. ఆ పడుగుకు కూడా ఒక జానెడు నేనే అతికాను, మూడు తెంపించుకున్నాను, కోపంగా వచ్చాను. కట్ట తెచ్చి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన ఓపికగా విడదీశాడు. ఎడమకు వాలినవి. ఎడమకు వాలినవి. కట్ట నడుమ కుడికి వాలినవి, ఒక జానెడుకు సరిపడా.

"ఇవీ నీవే," అన్నాడు. "పోయినాయి గదా. కంట్లోంచి పోయి వొచ్చినాయి."

అంతకు ముందరివి ఇక చూపించలేను. అవన్నీ ఉడకబెట్టి, మెలి విప్పి, వత్తులు చేసి, పొద్దునా సాయంత్రం దేవుడి ముందు నేనే వెలిగించాను.

పెద్దాయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నాకు ఈడ పని లేదప్పా. ఇంత కూడు పెడితే తిని పోతా. మిగతాది ఆయమ్మ చేస్తాది" అని గడ్డంతో నా వైపు చూపించాడు. తిని, ఆరింటి బస్సుకు పోయాడు.

ఆయన పోయాక సాయంత్రం మేం ముగ్గురం వెనక గదిలోనే కూర్చున్నాం. కడపలో ఉన్న చెల్లెలు ఫోనులో ఉంది. చెల్లెలు ఏడ్చింది. తమ్ముడు కత్తెర తిరిగి గూట్లో పెట్టాడు.

"పోతాదా అక్కా?" అన్నాడు.

"నేనెందుకు చెప్పల్ల? అచ్చే చెప్తాది," అన్నాను.

అన్నాక గానీ ఆ మాట ఎవరిదో నాకు తట్టలేదు. మరదలు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం మేం తీర్మానించుకున్నది ఇది. పడుగు కోయకూడదు. మిగిలింది నేను అతకాలి, రేపటి నుంచి పొద్దున ఎనిమిదింటికి వచ్చి. నా ఇంటి వంట అన్నాళ్లూ నా కోడలు చూసుకుంటుంది, ఎడమచేతికైనా కుడిచేతికైనా నూనె తగలకూడదు కాబట్టి. కూర్చోగానే మొదటి మూడు తెంపుకోవాలి. శుక్రవారం తమ్ముడు లాగుతాడు. తెగితే తెగుతుంది, అప్పుడు జిరాక్సు మాట ఆలోచిద్దాం. కుచ్చులు ఇక కాల్చకూడదు, వత్తులకు అంగట్లో దూది కొనాలి. బూడిద డబ్బా కుడివైపుకు మార్చాలి.

డబ్బా నేనే ఎత్తి కుడివైపు పెట్టాను. మూత మీద ఆమె ఫొటో పైకే ఉంది. ఎడమవైపు, నాప బండ మీద, డబ్బా యాభై ఆరేళ్లు కూర్చున్న చోట గుండ్రటి తెల్ల మచ్చ ఉంది. మరదలు గుడ్డ తడిపి తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, కాసేపు గట్టిగా రుద్దింది. నీళ్లు ఆరాయి. మచ్చ మళ్లీ తేలింది.

"పోదులే వొదినా," అంది.